స్నేర్ ఎక్కడికి పోయింది: 11 ట్రాక్‌ల డ్రమ్ మిక్స్ మీద ఒక కేస్ స్టడీ

ఒక పాట మొదటి మిక్స్ (విడివిడి ట్రాక్‌లను కలిపిన రూపం) పంపిన మర్నాడు పొద్దున్నే డ్రమ్మర్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "అన్నా, పాట బాగుంది. కానీ నేను కొట్టిన స్నేర్ ఇది కాదు. కర్ర తగిలిన చప్పుడు వినిపిస్తోంది గానీ డ్రమ్ వినిపించట్లేదు."

ఆ మాట నన్ను రోజంతా వదల్లేదు. ఎందుకంటే ఆ స్నేర్ (కిట్ మధ్యలో ఉండే, కింద తీగలు బిగించిన డ్రమ్) మీద నేను రెండు రోజులు పనిచేశాను. సోలో చేసి, అంటే అది ఒక్కటే వింటే నిండుగా, బరువుగా ఉంది. అయినా మిక్స్‌లో అతను చెప్పిందే నిజం. మళ్ళీ వింటే నాకూ అదే వినిపించింది: పైన టక్కుమనే అంచు ఉంది, కింద శరీరం లేదు. దాన్ని ఎలా వెతికాను, ఏం మార్చాను, ఏది చివరిదాకా పూర్తిగా సరికాలేదు అన్నది ఇక్కడ అంకెలతో సహా రాస్తున్నాను. ఇలాంటి సమస్యతో ఈక్యూ (ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచే, తగ్గించే పరికరం) ముందు గంటలు కూర్చునేవాళ్ళకి ఇది పనికొస్తుంది.

పాట వేగం 96 బీపీఎం, అంటే నిమిషానికి 96 బీట్లు. డ్రమ్స్ వేరే చోట రికార్డ్ అయి ఫైల్స్‌గా నా దగ్గరికి వచ్చాయి, 48 కిలోహెర్ట్జ్ (సెకనుకి 48 వేల శాంపిళ్ళు, అంటే కొలతలు), 24 బిట్. మొత్తం 11 ట్రాక్‌లు: కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) లోపల ఒక మైక్, బయట ఒకటి, స్నేర్ పైన ఒకటి, కింద ఒకటి, హై-హ్యాట్, ర్యాక్ టామ్, ఫ్లోర్ టామ్, రెండు ఓవర్‌హెడ్స్ (కిట్ పైన ఉండే మైకులు), రెండు రూమ్ మైకులు (గది శబ్దం పట్టేవి). వాయించిన తీరు చాలా బాగుంది. చరణాల్లో స్నేర్ మీద సన్నటి ఘోస్ట్ నోట్స్ (వినీ వినపడని చిన్న దెబ్బలు), పల్లవిలో 2, 4 బీట్ల మీద గట్టి దెబ్బలు. డ్రమ్ ట్యూనింగ్‌లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కాబట్టి లోపం ఉంటే అది మైకుల్లోనో నా చేతుల్లోనో ఉండాలి.

మొదటి మిక్స్‌లో నేను చేసింది చాలామంది చేసేదే. ఒక్కో ట్రాక్ సోలో చేసి బాగుచేసుకుంటూ వెళ్ళాను. స్నేర్ పై మైక్‌లో 200 హెర్ట్జ్ దగ్గర 6 డిబి (డెసిబెల్స్) పెంచాను, 400 దగ్గర 5 డిబి తగ్గించాను, 5 కిలోహెర్ట్జ్ దగ్గర 4 డిబి ఎత్తాను. ఎందుకు అంత పెంచాల్సి వస్తోందని అప్పుడు అడగలేదు. మిక్స్‌లో పలచగా ఉంది కాబట్టి 200 పెంచాను, డబ్బా కొట్టినట్టుంది కాబట్టి 400 కోశాను. చెవి చెప్పింది, చెయ్యి చేసింది. చెవి తప్పు చెప్పలేదు. 200 తక్కువగానూ 400 ఎక్కువగానూ ఉన్నమాట నిజమే. అది ఎక్కడ తగ్గుతోంది, ఎక్కడ పెరుగుతోంది అన్నదే నేను చూడలేదు.

డ్రమ్మర్ మెసేజ్ తర్వాత ఈక్యూలు, కంప్రెసర్లు (గట్టి శబ్దాన్ని నొక్కిపెట్టేవి) అన్నీ ఆఫ్ చేశాను. ఫేడర్లు (స్థాయి మార్చే మీటలు) మాత్రమే ఉంచి, మాస్టర్ మీద మోనో బటన్ (ఎడమ, కుడి ఒకటిగా కలిపేది) నొక్కి, ఒక్కో ట్రాక్ మ్యూట్ చేస్తూ పల్లవి విన్నాను. హై-హ్యాట్ మ్యూట్ చేస్తే తేడా లేదు. రూమ్ తీసేస్తే కాస్త పొడిబారింది, అంతే. ఓవర్‌హెడ్స్ రెండూ మ్యూట్ చేయగానే స్నేర్ ఒక్కసారిగా లావెక్కింది.

అక్కడే అసలు విషయం దొరికింది. ఓవర్‌హెడ్స్‌లో కూడా స్నేర్ ఉంది. ఒక మూలం తీసేస్తే శబ్దం తగ్గాలి. పెరిగిందంటే స్నేర్ మైకూ ఓవర్‌హెడ్స్ మైకులూ ఒకదాన్నొకటి తినేస్తున్నాయన్నమాట. ఫేడర్ పైకి జరిపి శబ్దాన్ని కలుపుతున్నానని అనుకుంటున్నాను, నిజానికి తీసేస్తున్నాను.

86 సెంటీమీటర్లు

ఒక స్నేర్ దెబ్బ దగ్గర తరంగాన్ని బాగా పెద్దది చేసి చూశాను. పై మైక్‌లో దెబ్బ మొదలైన చోటు నుంచి ఎడమ ఓవర్‌హెడ్‌లో మొదలైన చోటుకి 120 శాంపిళ్ళు. కుడి ఓవర్‌హెడ్‌కి 148. ఒక్క దెబ్బను నమ్మకుండా పాటలో వేర్వేరు చోట్ల మరో పది దెబ్బలు చూశాను. ఒకటి రెండు శాంపిళ్ళు అటూ ఇటూగా అదే లెక్క.

48 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక మిల్లీసెకనుకి 48 శాంపిళ్ళు. అంటే ఎడమ ఓవర్‌హెడ్ 2.5 మిల్లీసెకన్లు ఆలస్యం, కుడిది 3.1 దాకా. గది ఉష్ణోగ్రతలో శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. 2.5 మిల్లీసెకన్లలో 86 సెంటీమీటర్లు. ఓవర్‌హెడ్ మైక్ స్నేర్ మైక్ కంటే అంత ఎక్కువ దూరంలో ఉంది.

ఇప్పుడు ఈ స్నేర్ మూల స్వరం చూడండి. అనలైజర్‌లో అది 200 హెర్ట్జ్ దగ్గర నిలబడింది. 200 హెర్ట్జ్ తరంగం ఒక చుట్టు తిరగడానికి 5 మిల్లీసెకన్లు పడుతుంది. సగం చుట్టు 2.5 మిల్లీసెకన్లు. అంటే స్నేర్ మైక్‌లో ఆ తరంగం పైకి వెళ్తున్నప్పుడు ఎడమ ఓవర్‌హెడ్‌లో కిందికి వస్తోంది. రెండూ కలిస్తే 200 దగ్గర గుంట. అదే ఆలస్యానికి 400 దగ్గర సరిగ్గా ఒక పూర్తి చుట్టు అవుతుంది, అక్కడ రెండూ తోడై గుట్ట అవుతుంది. 600 దగ్గర మళ్ళీ గుంట, 800 దగ్గర గుట్ట. దువ్వెన పళ్ళలా ఉంటుంది కాబట్టి దీన్ని కోంబ్ ఫిల్టరింగ్ అంటారు. కుడి ఓవర్‌హెడ్ గుంట 160 హెర్ట్జ్ ప్రాంతంలో పడింది, అదీ స్నేర్ శరీరం ఉండే చోటే.

నేను 200 పెంచి 400 కోసింది ఎందుకో అప్పుడు అర్థమైంది. కాలంలో ఉన్న తేడాను ఈక్యూతో పూడ్చడానికి ప్రయత్నించాను. అది ఎందుకు పూడదో కూడా అంకెల్లో చూడవచ్చు. ఓవర్‌హెడ్స్‌లో స్నేర్ దగ్గరి మైక్ కంటే 6 డిబి తక్కువగా ఉందనుకుందాం, ఈ మిక్స్‌లో దాదాపు అంతే ఉంది. అంటే సగం. పూర్తిగా ఎదురైతే ఒకటిలోంచి సగం పోయి సగమే మిగులుతుంది, 6 డిబి నష్టం. పూర్తిగా కలిస్తే ఒకటిన్నర అవుతుంది, 3.5 డిబి లాభం. ఈ రెంటి మధ్య 9.5 డిబి తేడా. స్నేర్ మైక్‌లో 200 దగ్గర 6 డిబి పెంచితే ఆ ఒక్క చోటు పూడుతుందేమో గానీ, మిగతా గుంటలు అలాగే ఉంటాయి. పైగా ఆ పెంపు స్నేర్ మైక్‌లోకి చొరబడిన కిక్, టామ్ మోతలను కూడా అంతే పెంచింది. 5 కిలోహెర్ట్జ్ పెంపు హై-హ్యాట్‌ను పెంచింది. చరణాల్లో హై-హ్యాట్ చెవిలో గుచ్చుకోవడానికి కారణం హై-హ్యాట్ మైక్ కాదు, స్నేర్ మైక్ మీద నేను పెట్టిన ఈక్యూ.

ఇక్కడ కాసేపు ఆగాలనిపిస్తోంది, ఎందుకంటే ఇది ఈ ఒక్క పాట సంగతి కాదు. చాలా స్నేర్ల మూల స్వరం 180 నుంచి 220 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. వాటి సగం తరంగం పొడవు 78 నుంచి 95 సెంటీమీటర్లు. ఓవర్‌హెడ్స్ మామూలుగా ఎక్కడ పెడతాం? స్నేర్ నుంచి దాదాపు ఒక మీటరు ఎత్తున. అంటే సింబల్స్‌కి అనువైన ఎత్తే స్నేర్ శరీరానికి చేటు చేసే ఎత్తు. రికార్డ్ చేసినవాళ్ళు అజాగ్రత్తగా ఉన్నారని నేను అనను. మైక్ పెట్టిన చోట అది బాగానే వినిపించి ఉంటుంది. ఓవర్‌హెడ్ విడిగా వింటే ఏ తప్పూ ఉండదు. తప్పు రెండు మైకులూ కలిసే చోట పుడుతుంది.

దిద్దడానికి మూడు దారులు కనిపించాయి. మొదటిది ఓవర్‌హెడ్స్ రెంటి పోలారిటీ తిప్పడం, అంటే తరంగాన్ని తలకిందులు చేయడం. ఒక్క బటన్. నొక్కగానే 200 వెనక్కి వచ్చింది. చాలామంది ఇక్కడే ఆగుతారు, చాలాసార్లు ఆగినా నష్టం ఉండదు. కానీ పోలారిటీ తిప్పితే దువ్వెన పోదు, పళ్ళ స్థానాలు మారతాయంతే. ఇప్పుడు గుంటలు 400, 800 దగ్గరికి వచ్చాయి, గుట్టలు 200, 600 దగ్గరికి. స్నేర్ లావుగా ఉంది గానీ మధ్యలో బోలుగా, కాస్త ముక్కుతో మాట్లాడినట్టుగా అనిపించింది.

రెండో దారి ఓవర్‌హెడ్స్‌ను ముందుకి లాగడం. ఎడమది 120 శాంపిళ్ళు, కుడిది 148. మూడోది స్నేర్ మైకులనే వెనక్కి నెట్టి ఓవర్‌హెడ్స్‌తో కలపడం. స్నేర్, ఓవర్‌హెడ్ మధ్య లెక్క ఈ రెంటిలోనూ దాదాపు ఒకటే. తేడా మిగతా మైకులతో వస్తుంది. స్నేర్ మైకులను వెనక్కి నెడితే ఓవర్‌హెడ్స్, రూమ్, కిక్, టామ్‌ల మధ్య సహజమైన దూరాలు అలాగే ఉంటాయి. కానీ ఆ మైకులు కిక్ నుంచి, టామ్‌ల నుంచి పట్టిన బ్లీడ్ (చొరబడిన పక్క శబ్దం) కూడా వాటితో పాటు జరుగుతుంది. ఓవర్‌హెడ్స్‌ను లాగితే కిక్, టామ్‌లు కూడా వాటి దగ్గరి మైకులకి చేరువవుతాయి, రూమ్‌కి మాత్రం దూరం పెరుగుతుంది.

మూడూ వేర్వేరు కాపీలుగా చేసి పెట్టుకున్నాను. పోల్చే ముందు మూడింటి శబ్ద స్థాయి సమం చేశాను. ఈ మెట్టు దాటేసేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. 1 డిబి ఎక్కువున్నది ప్రతిసారీ మెరుగ్గానే వినిపిస్తుంది, అలా ఎంచుకున్నది మర్నాడు చెవికి ఆనదు. సమం చేసి, తెర చూడకుండా మార్చి మార్చి వింటే రెండో దారి గెలిచింది. స్నేర్ శరీరంతో పాటు కిక్ కూడా గట్టిపడింది. కిక్ శబ్దం ఓవర్‌హెడ్‌కి చేరడానికి ఈ కిట్‌లో 4.4 మిల్లీసెకన్లు పట్టింది. 60 హెర్ట్జ్ దగ్గర అది పావు చుట్టు పైన. 120 శాంపిళ్ళు లాగాక 1.9 మిల్లీసెకన్లే మిగిలింది, అడుగు భాగం చక్కగా తోడైంది.

ఎడమ, కుడి ఓవర్‌హెడ్స్ మధ్య 28 శాంపిళ్ళ తేడా, అంటే 20 సెంటీమీటర్లు, ఇంకో సమస్యకి కారణం. మనిషి రెండు చెవుల మధ్య శబ్దం చేరడంలో వచ్చే అత్యధిక తేడా దాదాపు 0.65 మిల్లీసెకన్లు. ఇక్కడి తేడా 0.58. అంటే హెడ్‌ఫోన్స్‌లో ఓవర్‌హెడ్స్ విడిగా వింటే స్నేర్ పూర్తిగా ఎడమ చెవి దగ్గర కూర్చుంది. పాన్ నాబ్‌తో ఇది పోదు. కుడిదాన్ని ఆ 28 శాంపిళ్ళు అదనంగా లాగాక స్నేర్ నడిమధ్యకి వచ్చింది.

రూమ్ మైకులను ముట్టుకోలేదు. అవి స్నేర్ నుంచి నాలుగు మీటర్ల పైన ఉన్నాయి, 12 మిల్లీసెకన్ల ఆలస్యం. ఆ ఆలస్యమే గది పరిమాణం. ఒకసారి సరదాగా వాటినీ ముందుకు లాగి చూశాను. కిట్ అంతా ఒకే గోడకి అంటించిన బొమ్మలా అయిపోయింది. వెంటనే వెనక్కి పెట్టేశాను.

స్నేర్ కింది మైక్ దగ్గర నా అలవాటే నన్ను తప్పుదారి పట్టించింది. కర్ర పడగానే పై తోలు పై మైక్ నుంచి దూరంగా, కింది తోలు కింది మైక్ వైపుకి కదులుతాయి. కాబట్టి రెండు మైకుల తరంగాలు ఎదురుగా మొదలవుతాయి. కింది మైక్ పోలారిటీ తిప్పడం అందుకే అందరికీ అలవాటు. నేనూ ఫైల్ తెరవగానే తిప్పేశాను. కానీ ఇప్పుడు పెద్దది చేసి చూస్తే అసలు ఫైళ్ళలో రెండూ ఒకే వైపుకి మొదలవుతున్నాయి. రికార్డింగ్‌లోనే ప్రీఆంప్ మీద తిప్పేసి ఉన్నారు, నేను మళ్ళీ తిప్పి చెడగొట్టాను. బటన్ వెనక్కి నొక్కితే స్నేర్‌కి మరికొంత బరువు వచ్చింది. అప్పట్నుంచి ఏ సెషన్‌లోనైనా ఆ బటన్‌ను తరంగం చూశాకే నొక్కుతున్నాను.

కిక్ రెండు మైకుల మధ్య 56 శాంపిళ్ళు, 40 సెంటీమీటర్లు. 60 హెర్ట్జ్ దగ్గర అది 25 డిగ్రీలే, ఎదురయ్యే ప్రమాదం లేదు. దాని గుంట 430 ప్రాంతంలో పడుతోంది, కిక్‌లో అక్కడ ఎలాగూ తగ్గించాలనే అనుకుంటాం. అలాగే వదిలేశాను.

ఈక్యూ మళ్ళీ మొదలుపెడితే

పాత ఈక్యూలన్నీ చెరిపేసి కొత్తగా మొదలుపెట్టాను. స్నేర్ పై మైక్‌లో ఈసారి మిగిలింది ఇంతే: 80 హెర్ట్జ్ కింద కోత, 420 దగ్గర 2 డిబి తగ్గింపు, 4 కిలోహెర్ట్జ్ దగ్గర 1.5 డిబి పెంపు. 200 ముట్టుకోనే లేదు. హై-హ్యాట్ దానంతటదే వెనక్కి తగ్గింది.

ఓవర్‌హెడ్స్ మీద హై-పాస్ ఫిల్టర్ (అడుగు ఫ్రీక్వెన్సీలను కోసేది) పెట్టేటప్పుడు ఇంకో విషయం ఎదురైంది. 100 హెర్ట్జ్ దగ్గర మామూలు 12 డిబి వాలు ఫిల్టర్ పెట్టగానే స్నేర్ మళ్ళీ కొంచెం సన్నబడింది. 100 హెర్ట్జ్ ఫిల్టర్‌కీ 200 దగ్గరున్న శరీరానికీ సంబంధం ఏమిటనిపించవచ్చు. మామూలు ఫిల్టర్ శబ్దాన్ని తగ్గించడమే కాదు, ఫేజ్‌ను (తరంగం తన చుట్టులో ఎక్కడుందన్న స్థానాన్ని) కూడా తిప్పుతుంది. 12 డిబి హై-పాస్ తన కోత బిందువు దగ్గర 90 డిగ్రీలు తిప్పుతుంది, దానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీ దగ్గర కూడా ఇంకా 40 డిగ్రీల పైన ఉంటుంది. కష్టపడి సర్దిన కాలాన్ని ఫిల్టర్ కాస్త చెదరగొడుతోంది. దాన్ని 60కి దించాను. ఫేజ్ తిప్పని లీనియర్ ఫేజ్ ఈక్యూ వాడవచ్చు కదా అని కొందరంటారు. డ్రమ్స్ మీద అది దెబ్బకి ముందే సన్నగా మోగే ప్రమాదం ఉంది, నాకు అది నచ్చదు.

టామ్‌ల మీద గేట్ (చిన్న శబ్దాలను మూసేసే పరికరం) తీసేసి చేత్తో ఎడిట్ చేశాను. పాట మొత్తంలో టామ్ దెబ్బలు 23. వాటి మధ్య ఖాళీలన్నీ కోసి, ప్రతి దెబ్బ చివర మోత సహజంగా తగ్గేలా ఫేడ్ ఇచ్చాను. ముప్పావుగంట పని. గేట్ సెట్ చేసి, అది తెరుచుకోని చోట్లు వెతికి సరిచేయడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఈ పని ఫలితం టామ్‌లలో కంటే కిక్‌లో ఎక్కువ కనిపించింది. కిక్ పడినప్పుడల్లా ఫ్లోర్ టామ్ దానంతటది సన్నగా మోగుతూ ఉండేది. ఆ మోత పోగానే కిక్ అంచులు తేలాయి.

స్నేర్ గేట్ కథ వేరు. మొదటి మిక్స్‌లో గేట్ పూర్తిగా మూసుకునేలా పెట్టాను. ఘోస్ట్ నోట్స్ సగం పోయాయి. అవి ప్రధాన దెబ్బ కంటే 15, 20 డిబి తక్కువ. హై-హ్యాట్ బ్లీడ్ కూడా అదే స్థాయిలో ఉంది. స్థాయిని బట్టి రెంటినీ విడదీయడం కుదరదు. ఈ పాటలో చరణం నడకంతా ఆ ఘోస్ట్ నోట్స్ మీదే ఉంది. వాటిని పోగొట్టడం వాయించినవాడికి అన్యాయం. అందుకే చరణాల్లో గేట్ పూర్తిగా తీసేశాను. పల్లవిలో మాత్రం గేట్ బదులు ఎక్స్‌పాండర్ పెట్టి, దెబ్బల మధ్య 8 డిబి మాత్రమే తగ్గేలా చేశాను. దాన్ని తెరిచే సైడ్‌చెయిన్‌కి (అది విని స్పందించే సిగ్నల్‌కి) 150 నుంచి 250 హెర్ట్జ్ వరకే వినిపించేలా ఫిల్టర్ ఇచ్చాను. హై-హ్యాట్‌కి అక్కడ బలం ఉండదు కాబట్టి అది ఎక్స్‌పాండర్‌ను తెరవలేదు.

కంప్రెషన్ గురించి ఎక్కువ చెప్పను, ఒక్క అటాక్ (కంప్రెసర్ నొక్కడానికి తీసుకునే సమయం) మాట తప్ప. మొదటి మిక్స్‌లో స్నేర్ మీద అటాక్ ఒక మిల్లీసెకను. అది కర్ర దెబ్బ మొదటి అంచునే నొక్కేసింది. తర్వాత నేను 5 కిలోహెర్ట్జ్ పెంచింది ఆ పోయిన అంచు కోసమే. ఈసారి 4:1 నిష్పత్తి, అటాక్ 15 మిల్లీసెకన్లు, రిలీజ్ (తిరిగి వదలడానికి తీసుకునే సమయం) 90, గట్టి దెబ్బ మీద 5 డిబి తగ్గింపు. 96 బీపీఎంలో పదహారో వంతు నోటు 156 మిల్లీసెకన్లు. ఆ లోపల కంప్రెసర్ చాలావరకు కోలుకుంటుంది, తర్వాతి ఘోస్ట్ నోట్ నొక్కుడు పడకుండా వస్తుంది. రిలీజ్ 40కి దించి చూస్తే ప్రతి దెబ్బ వెనకా హై-హ్యాట్ ఉబికి వచ్చింది.

1176 (స్టూడియోల్లో పేరున్న ఒక పాత మోడల్) తరహా కంప్రెసర్ వాడేవాళ్ళకి ఒక మాట. దాని అటాక్ 20 నుంచి 800 మైక్రోసెకన్ల మధ్యే ఉంటుంది. అందులో అతి నెమ్మదైనది కూడా ఒక మిల్లీసెకనులోపే. పైగా నాబ్ కుడివైపుకి తిప్పితే వేగం పెరుగుతుంది. "స్లో అటాక్ పెట్టాను, అయినా దెబ్బ చచ్చిపోయింది" అని అడిగేవాళ్ళకి చాలాసార్లు కారణం ఇదే. నేను దాన్ని నేరుగా స్నేర్ మీద కాకుండా పారలల్ బస్‌లో (అసలు శబ్దంతో పాటు కలిపే కాపీలో) పెట్టాను. కిక్, స్నేర్, టామ్‌లు మాత్రమే ఆ బస్‌కి పంపి, 15 నుంచి 20 డిబి దాకా నలిపి, అసలు డ్రమ్స్ కంటే 12 డిబి కింద కలిపాను. ఓవర్‌హెడ్స్ పంపితే సింబల్స్ నురగలా పొంగుతాయి, అందుకే పంపలేదు. పారలల్ బస్ తిరిగి కలిసే చోట ఆలస్యం లేదని కూడా చూసుకోవాలి. ప్లగిన్ ఆలస్యాన్ని సాఫ్ట్‌వేర్ సరిగ్గా లెక్కగట్టకపోతే మనం ఇప్పుడే తీసేసిన దువ్వెన అక్కడ మళ్ళీ పుడుతుంది. పరీక్ష తేలిక: ప్లగిన్ బైపాస్ చేయకుండా, అది శబ్దాన్ని మార్చని సెట్టింగ్‌లో ఉంచి, ఆ బస్ పోలారిటీ తిప్పి, స్థాయి సమంగా కలిపితే దాదాపు నిశ్శబ్దం రావాలి.

రూమ్ మైకులను 10 డిబి దాకా నొక్కి, పల్లవిలో 3 డిబి ఎత్తాను. గట్టిగా నొక్కిన రూమ్ శబ్దాన్ని గేట్‌తో ఠక్కున కోసే పద్ధతి ఇంజినీర్ హ్యూ ప్యాడ్గమ్, డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్‌లు లండన్ టౌన్‌హౌస్ స్టూడియోలో కనుక్కున్నప్పటి నుంచి ఎంతో మందిని ఊరించింది. నన్ను కూడా. ఈ పాటకి అది నప్పదు. రూమ్ కంప్రెసర్ పదహారో వంతు నోటు లోపల కోలుకునేలా రిలీజ్ 150 దగ్గర పెట్టి వదిలేశాను.

బాస్ గిటార్ మూల స్వరం ఎక్కువసేపు 41 హెర్ట్జ్ దగ్గరి ఇ స్వరం మీద ఉంది, కిక్ బలం 58 దగ్గర. ఇద్దరికీ చోటు ఉంది. బాస్‌లో 60 దగ్గర 2 డిబి తగ్గించి, కిక్ పడినప్పుడు బాస్ మరో 2 డిబి తగ్గేలా సైడ్‌చెయిన్ పెట్టాను. అంతకంటే చేయాల్సిన అవసరం కనిపించలేదు.

మొత్తం డ్రమ్ బస్ మీద 4:1 నిష్పత్తి, 30 మిల్లీసెకన్ల అటాక్, ఆటో రిలీజ్, 2 డిబి తగ్గింపు. మొదటి మిక్స్‌లో ఇక్కడ ఒక లిమిటర్ కూడా ఉండేది, స్నేర్‌ను ముందుకు తేవాలన్న తపనతో పెట్టింది. ఇప్పుడు దాని పని లేదు. స్నేర్ ఫేడర్‌నే 3 డిబి కిందికి దించాల్సి వచ్చింది. స్పాటిఫై లాంటి వేదికలు పాటలను మైనస్ 14 ఎల్‌యుఎఫ్ఎస్ (చెవికి తోచే శబ్ద స్థాయి కొలత) దగ్గరికి సర్దుతాయి కాబట్టి అంతకు మించి అరిపించినా వినేవాళ్ళకి స్థాయి పెరగదు, స్నేర్ అంచులు మాత్రం అరుగుతాయి.

చివరి వినికిడి మూడు రకాలుగా చేశాను. మామూలు స్థాయిలో, పక్కవాళ్ళతో మాట్లాడుకోగలిగేంత చిన్నగా, ఒకే చిన్న స్పీకర్ మీద మోనోలో. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి అడుగు ఫ్రీక్వెన్సీలు ముందు తగ్గుతాయని శబ్ద పరిశోధకులు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. అందుకే చిన్నగా విన్నప్పుడు కూడా స్నేర్ శరీరం తెలుస్తుంటే దాన్ని నమ్మవచ్చు. తెలిసింది.

ఒకటి మాత్రం మిగిలిపోయింది. ఓవర్‌హెడ్స్ పెట్టినవాళ్ళు వాటిని కిక్ నుంచి సమదూరంలో కొలిచి ఉంటారు. కుడిదాన్ని 28 శాంపిళ్ళు అదనంగా లాగేసరికి స్నేర్ మధ్యకి వచ్చింది గానీ, ఓవర్‌హెడ్స్‌లో వినిపించే కిక్ కొద్దిగా కుడికి వాలింది. మొత్తం మిక్స్‌లో అది తెలియదు, దగ్గరి కిక్ మైకులు మధ్యలో బలంగా ఉన్నాయి. కానీ రెండో పల్లవి తర్వాత ఎనిమిది బార్ల చోట కిక్, రైడ్ (పెద్ద సింబల్) తప్ప డ్రమ్స్‌లో ఏమీ లేవు. హెడ్‌ఫోన్స్‌లో అక్కడ వాలు పట్టేసింది. ఆ ఎనిమిది బార్లలో స్నేర్ లేదు కాబట్టి అక్కడ మాత్రం కుడి ఓవర్‌హెడ్‌ను 28 శాంపిళ్ళు వెనక్కి జరిపాను. అతుకులు రెంటినీ గట్టి కిక్ దెబ్బల చాటున పెట్టి చిన్న క్రాస్‌ఫేడ్ ఇచ్చాను. మొదటి అతుకు అస్సలు తెలియదు. రెండో దాని దగ్గర రైడ్ మోత రవ్వంత మసకబారుతుంది. ఎంత ప్రయత్నించినా పోలేదు.

కొత్త మిక్స్ పంపినప్పుడు ఏం మార్చానో చెప్పలేదు. గంటలో డ్రమ్మర్ ఫోన్ చేశాడు. "అన్నా, వేరే స్నేర్ శాంపిల్ ఏమైనా కలిపారా?"

"లేదురా. అది నీ స్నేరే."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత రెండో చరణంలో ఘోస్ట్ నోట్స్ ఇంకొక్క డిబి పెంచగలరా అని అడిగాడు. పెంచాను. ఆ ఒక్క మార్పుతో మిక్స్ ఖరారైంది.

అదే బ్యాండ్ తర్వాతి రెండు పాటలకి రికార్డింగ్ దగ్గరే ఉండమని నన్ను పిలిచారు. కొలత టేపు పట్టుకుని వెళ్ళాను. ఓవర్‌హెడ్స్ ఒక్కోటీ స్నేర్ నడిమధ్య నుంచి ఎంత దూరమో, కిక్ తోలు నుంచి ఎంత దూరమో కొలిచి, రెండు మైకులకీ రెండు దూరాలూ సమంగా వచ్చే చోటు వెతికాం. ఆ చోటు మనం ఊహించేదానికంటే పక్కకి ఉంటుంది, కిట్ పైన నిలువుగా కాకుండా స్నేర్, కిక్‌లను కలిపే గీతకి అటొకటి ఇటొకటి. స్టాండ్లు కుదరడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ తర్వాత డ్రమ్మర్‌ను స్నేర్ ఒక్కటే కొట్టమని, మోనోలో ఓవర్‌హెడ్స్ పోలారిటీ తిప్పుతూ విన్నాం. తిప్పితేనే నిండుగా ఉంది. అయినా ఆ పని మిక్స్‌కి వదిలి, తిప్పకుండానే రికార్డ్ చేసి, ఫైళ్ళతో పాటు ఒక కాగితం పెట్టాం: ఎడమ 98 సెంటీమీటర్లు, కుడి 98, స్నేర్ కింది మైక్ పోలారిటీ తిప్పలేదు.